తెల్లగా కడిగిన పేగు

కడుపు లేని చేపకి కడుపు నిండిందని ఎలా తెలుస్తుంది?

మా వదిన నన్ను ఈ మాట అడిగి ఇరవై రెండేళ్ళయింది. ఆ తరవాత నా చేతికి దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. నాలుగు రకాల జవాబులున్నాయి, నాలుగూ ఒకదానితో ఒకటి పొసగవు. "నాలుగు చెప్పారంటే తెలీదనే అర్థం" అని తీసిపారేసింది వదిన. నాకిప్పటికీ తెలీదు.

కడుపంటే పైకి కనిపించే పొట్ట కాదు. లోపల, తిన్నది కాసేపు ఆగి నానే సంచి. సాటి చేపల్ని వేటాడి మింగే చేపలకి ఆ సంచి ఉంటుంది. బురదలో మూతి పెట్టి దొరికింది దొరికినట్టు ఏరుకుతినే బంగారుతీగ చేపకి ఉండదు. గొంతు దాటిన మేత తిన్నగా పేగులోకి జారిపోతుంది. ఆ పేగు మాత్రం చేప పొడవుకి రెండింతలు పైగా ఉంటుంది, పెట్టెలో కుక్కిన తాడులా మడతలు పడి. ఈ సంగతులన్నీ నేను పుస్తకాల్లో చదవకముందే వదిన నోట విన్నాను. ఆవిడ ముప్ఫై ఒక్కేళ్ళు అదే తాడు మడతలు విప్పుతూ బతికింది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. ఊరి చివర చేపల మేతల్ని పరీక్షించే కేంద్రం ఒకటి ఉండేది. అందులో ల్యాబ్ అసిస్టెంటు. నేను వాళ్ళింట్లోనే మేడమీద గదిలో ఉండేదాన్ని, పగలు గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని చేసేదాన్ని. అన్నయ్య గడియారాలు బాగుచేసేవాడు. ముగ్గురం సాయంత్రం వంటింట్లో కూర్చుంటే మాట్లాడేది మాత్రం ఇద్దరే. నేను వినేదాన్ని.

కేంద్రంలో ఆవిడని అందరూ పేగులమ్మ అనేవాళ్ళు, ఎదురుగానే. ఆవిడకేం కోపం వచ్చేది కాదు. "ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనుషులుంటారని విన్నాను. మా ఆవిడ లెక్కపెట్టి, పొడవు కొలిచి, బరువు కూడా రాసుకుంటుంది" అనేవాడు అన్నయ్య. ఆవిడ ఎదట ఆవులించాల్సొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, కావాలనే.

ఆవిడ పని చూడాలని ఓసారి వెళ్ళాను. తొట్లగది వెనక చిన్న గది. కిటికీ పక్కన రాతిబల్ల, దాని మీద మంచు పోసిన పళ్ళెం. చేపని ముందు లవంగనూనె కలిపిన నీళ్ళలో వేస్తారు. అది మత్తుగా పక్కకి ఒరిగిపోతుంది, ఇంక లేవదు. తరవాత వెనకనుంచి మొప్పలవైపు పొట్ట చీరి, పేగుని తెగకుండా బయటికి తీసి, మంచు మీద చాపి, సన్న పటకారుతో చుట్టూ అంటిన కొవ్వు లాగేసి, పక్కన స్కేలు పెట్టి కొలిచి, ముక్కలు కోసి, చల్లటి ఉప్పునీళ్ళలో నూరాలి. నూరినదాన్ని గిరగిరా తిప్పే యంత్రంలో పెడితే పిప్పి అడుక్కి పోయి పైన తేట మిగులుతుంది. ఆ తేటలో ఉంటాయి చేప జీర్ణరసాలు, ఎంజైములు. వాటి బలం ఎంతో తెలుసుకోడానికి ఒక మందు కలుపుతారు. మాంసాన్నీ పప్పునీ విరగ్గొట్టే ఎంజైము అందులో ఉంటే నీళ్ళు పసుపురంగుకి తిరుగుతాయి. పసుపు ఎంత ముదిరితే రసానికి అంత బలం. రంగు కొలిచే యంత్రం దాన్ని అంకెగా చెబుతుంది.

"యంత్రం చెప్పేది ఆఖరి మాట. మొదటి మాట చేతిది" అంది వదిన ఆవేళ. చేప పొట్టలోంచి తీసిన దగ్గర్నించి మంచు మీదే ఉంచాలి, నిమిషం వెచ్చబడినా పేగు తనని తానే అరిగించుకోడం మొదలెడుతుందట. ఆవిడ వేళ్ళు చలికి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే నాకు టీ పోసిచ్చింది. లవంగం వాసన వేసింది.

రిటైరవడానికి ఇంకా అయిదునెలలుందనగా వదిన కుడికంట్లో శుక్లం తీయించుకుంది. అంతకు నాలుగేళ్ళ ముందునుంచీ కళ్ళజోళ్ళు మారుస్తూ నెట్టుకొస్తోంది. కట్టు విప్పిన రోజున ఇంటికి రాగానే అన్నయ్య ముఖంలోకి తేరిపార చూసి, "మీ బుగ్గ మీద ఇన్ని మచ్చలెప్పుడొచ్చాయండీ?" అంది.

"నాకు మచ్చలు రాలేదు. నీకు కళ్ళొచ్చాయి" అన్నాడు అన్నయ్య.

తరవాత నావైపు తిరిగింది. "నువ్వు జుట్టుకి రంగేసుకోడం మానేశావుటే?"

"నేనెప్పుడూ వేసుకోలేదు వదినా."

"అవునా" అని చాలాసేపు నవ్వింది.

ఆ వారమంతా ఇల్లు పీకి పందిరేసింది. డబ్బాలన్నీ దింపి తోమింది, కిటికీ రెక్కల మూలల్లో సూదితో దుమ్ము తీసింది. "గుడ్డిదానిలా కాపరం చేశాను" అనుకుంటూ పాడుకుంటూ చేసింది పనంతా. ఆవిడ అంత సంతోషంగా ఉండగా మళ్ళీ చూడలేదేమో అనిపిస్తుంది, కానీ అలా అనడం సరికాదు. ఆవిడ మొదట్నించీ సంతోషంగా ఉండే మనిషే. అప్పుడు ఆ సంతోషం బయటికి కూడా కనిపించింది, అంతే.

సెలవయ్యాక మళ్ళీ పనిలో చేరిన మొదటిరోజు సాయంత్రం వచ్చి చెప్పింది. "ఎంత మడ్డి వదిలేశానే ఇన్నాళ్ళూ. పేగు చుట్టూ మీగడ పొరలా ఒకటి అంటుకుని ఉంటుంది, నీకు తెలుసా? నాకసలు కనిపించేదే కాదు. ఇవాళ మొత్తం లాగేశాను. మంచు మీద పెడితే తెల్లటి రిబ్బను పరిచినట్టుంది."

గదిలో గోడకి అంటించిన కాగితంలో, చేయాల్సిన పని వరసలో, 'కొవ్వు తొలగించి తూచవలెను' అని ఒక్క వాక్యం ఉండేదట. ఎంత తొలగించాలో ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. ముప్ఫయ్యేళ్ళుగా ఒకే చెయ్యి తొలగిస్తున్నప్పుడు అడగాల్సిన అవసరం ఏముంది.

ఇక్కడ మేతాయన గురించి చెప్పాలి. కేంద్రంలో మేతలు తయారుచేసేవాడు. యాభైకి అటూ ఇటూ వయసు, సన్నటి మనిషి, కనుబొమల్లో ఎప్పుడూ పిండి. చేపల మేతలో చేపలపొడే కలపడం ఆయనకి నచ్చేది కాదు. పది చేపల్ని పెంచడానికి ఇరవై చేపల్ని ఎండబెట్టి దంచడం ఏం న్యాయం అనేవాడు. దాని బదులు సోయాగింజల పిండి పెట్టాలని ఆరేళ్ళుగా పట్టుబట్టి కూర్చున్నాడు. పచ్చి సోయాగింజలో ఒక గుణం ఉంది. తిన్నవాళ్ళ పేగులోని ఎంజైముని పట్టుకుని పనిచెయ్యనివ్వదు. వేయిస్తే ఆ గుణం పోతుంది. ఎక్కువ వేయిస్తే గింజలో బలమే పోతుంది. ఆ రెంటి మధ్యా ఎక్కడ ఆపాలన్నదే ఆయన ఆరేళ్ళ పని.

ఆయనా వదినా ఎప్పుడూ ఒకళ్ళనొకళ్ళు దెప్పుకునేవాళ్ళు. "ఏం తినిపించారండీ నా చేపలకి, పేగంతా గడ్డికంపు" అనేది వదిన. "మీరు కోసే మనిషి, మీకు పేగు కనిపిస్తుంది. నేను పెట్టే మనిషిని, నాకు నోరు కనిపిస్తుంది. ఆ నోళ్ళు చూడండక్కా, ఎలా తెరుచుకుంటున్నాయో" అనేవాడాయన.

ఆ ఏడు ఆయన మేతకి ఆఖరి పరీక్ష. కేంద్రంలో ఉన్నవి ఆరే తొట్లు. అందుకని ముందు రెండునెలలు చేపలపొడి కలిపిన పాతమేత పెట్టి, ఆ చేపల్ని కోసి, అవే తొట్లలో మళ్ళీ అంత ఈడు చేపల్నే పోసి, రెండునెలలు సోయామేత పెట్టారు. పాతమేత చేపల్ని వదిన కోసినప్పుడు కంట్లో శుక్లం ఉంది. సోయామేత చేపల్ని కోసేనాటికి లేదు. ఈ తేడా ఎవరి బుర్రకీ తట్టలేదు, ఆవిడ బుర్రకి కూడా.

సోయామేత చేపల అంకెలు సగానికి సగం పడిపోయాయి.

డైరెక్టరుగారు వదినకన్నా చిన్నవాడు, మంచివాడే, తొందర ఎక్కువ. గింజ సరిగా వేగలేదని, ఆ పచ్చిగుణం పేగుని పట్టేసిందని తేల్చేశాడు. చేపలు బాగానే పెరిగాయి కదా అని మేతాయన అడిగితే, "బరువు ఈ రెండునెలల మాటే చెబుతుంది. పేగు రేపటి మాట చెబుతుంది" అన్నాడట. వచ్చే సోమవారం సమావేశంలో ఆ పని ఆపేస్తున్నట్టు సంతకం. మేతాయనకి రికార్డుల గదిలో కుర్చీ.

"ఏమన్నాడాయన?" అని అడిగాడు అన్నయ్య, వదిన ఇంటికొచ్చి చెప్పినప్పుడు.

"ఏమీ అనలేదండీ. వేయించే బాణలి ముందు కూర్చుని గింజలు ఒక్కొక్కటే కొరికి చూసుకుంటున్నాడు. నాలిక మీద పచ్చిదనం ఎక్కడుందా అని."

ఆ రాత్రి ఆవిడ అన్నం సరిగా తినలేదు. "అంకె నాదే కదా" అంది ఒకసారి. "అంకె యంత్రానిది" అన్నాడు అన్నయ్య.

మర్నాడు ఒక లావుపాటి పుస్తకం మోసుకొచ్చి నా ముందు పెట్టింది. కేంద్రం బీరువాలో ఎవరూ ముట్టక అట్ట ఊడిపోయింది. "నీకు చదవడం తిండితో సమానం కదా. ఇందులో బంగారుతీగ పేగు గురించి ఎక్కడుందో చూసి పెట్టు. నాకు ఆ శాస్త్రం మాటలు కొరుకుడుపడవు."

ఆదివారం మధ్యాహ్నం. ఆవిడ మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది, నేను కుర్చీలో కూర్చుని పైకి చదువుతున్నాను. మాంసాన్ని అరిగించే రసం పేగులో పుట్టదని, క్లోమంలో పుట్టి పేగులోకి వస్తుందని ఉంది. ఆ పైన ఇలా ఉంది: మనిషిలో క్లోమం ఒక ముద్దగా ఒకచోట కనిపిస్తుంది. ఈ జాతి చేపల్లో అలా ఉండదు. పేగు చుట్టూ అల్లుకున్న కొవ్వులో నలుసులు నలుసులుగా చెదిరి ఉంటుంది.

వదిన చేతులు ఆగాయి. "మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"చెదిరి ఉంటుందనే రాశాడా?"

"అలాగే రాశాడు వదినా."

"కొవ్వులోనా?"

"కొవ్వులోనే."

చేతిలో దుప్పటి సగం మడతతో అలాగే ఉండిపోయింది. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆవిడ మడ్డి అనుకుని, కొత్త కంటితో వెతికి వెతికి లాగేసింది ఆ క్లోమాన్నే. పాతమేత చేపల పేగులకి శుక్లం పుణ్యమా అని అది అంటుకుని ఉండిపోయింది. సోయామేత చేపలది చెత్తబుట్టలో పడింది.

"అలా అని ఇంకా తేలలేదుగా" అన్నాను.

"తేలలేదు. తేలుస్తాను" అంది.

సోమవారం సమావేశం ఎందుకో వారంరోజులు వాయిదా పడింది. తీసేసిన కొవ్వు బుట్టలో ఉంచితే కంపు కొడుతుందని, చెత్తబండి వచ్చేదాకా సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టడం వాళ్ళ అలవాటు. ఆ సంచి ఇంకా అక్కడే ఉంది. వదిన మంగళవారం పెందలాడే వెళ్ళి, అందులోంచి చిటికెడు తీసి నూరి, తేట తీసి, మందు కలిపి కూర్చుంది. గంటసేపు చూసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. చుక్క పసుపు లేదు.

ఆ సాయంత్రం పళ్ళు కొనుక్కుని వచ్చింది. గుమ్మంలోంచే, "నా చెయ్యి మంచిదేనండోయ్" అంది.

"నీ చెయ్యి మంచిదని ముప్ఫై మూడేళ్ళ కిందటే రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టి ఒప్పుకున్నాను" అన్నాడు అన్నయ్య, భూతద్దం కంటికి పెట్టుకునే.

"అయితే పాపం గింజలదే" అంది ఆవిడ. మేతాయన కోసం బాధపడుతూనే అంది, కానీ గుండెల మీద బరువు దిగిన మనిషి గొంతు అది. ఆ పూట ఆకలిగా తిని, తొందరగా పడుకుంది.

నేను పుస్తకం అక్కడితో మూసేసి ఉండవచ్చు. ఎక్కడైనా ఆపడం నాకు చిన్నప్పట్నించీ చేతకాదు. ఆ పేజీ తిప్పితే వెనక ఇంకొక మాట ఉంది. క్లోమంలో పుట్టే ఆ రసం అక్కడ నిద్రలో ఉంటుందట. మెలకువగా ఉంటే తనని కన్న క్లోమాన్నే తినేస్తుంది కాబట్టి. పేగులోకి దిగాక, పేగుగోడలో ఊరే మరో రసం దాన్ని తట్టి లేపుతుంది. లేచాకే పని.

అంటే కొవ్వుని ఒక్కదాన్నే నూరితే పసుపు రాదు. క్లోమం అందులో ఉన్నా రాదు.

చెప్పాలా వద్దా అని నేను ఎంతసేపు ఆలోచించానో రాయడం అనవసరం. పొద్దున్న టీ తాగుతుండగా ఆ పేజీ చదివి వినిపించాను. వదిన కప్పు కిందపెట్టకుండా వింది.

"నిన్న పొద్దున్న చదివి చావచ్చుగా" అంది.

"అప్పటికి అంతదూరం రాలేదు వదినా."

"పోనీ రెండునెలలు ఆగి, నేను రిటైరయ్యాక చదవచ్చుగా" అంది. అని, టీ చివరిదాకా తాగి, కప్పు కడిగి బోర్లించి, చెప్పులేసుకుంది.

ఆవేళ రెండు గొట్టాలు పెట్టిందట. ఒకదాన్లో పేగురసం ఒక్క చుక్క, వట్టిదే. రెండోదాన్లో అదే ఒక్క చుక్క, దానితోపాటు నిన్నటి కొవ్వు తేట. కాసేపు గోరువెచ్చగా ఉంచి మందు కలిపింది. మొదటిది లేత గడ్డిరంగుకి వచ్చి ఆగిపోయింది. రెండోది పావుగంటకల్లా గడ్డిరంగు, అరగంటకి బంతిపువ్వు.

సాయంత్రం ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని ఆ సంగతి చెబుతుంటే అన్నయ్య గడియారం పక్కన పెట్టాడు.

"ఇంకా రెండునెలలుంది నీ ఉద్యోగం. ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలీదు" అన్నాడు.

"తెలీదు."

"చెబితే ఈ ఒక్కసారితో పోదు. ముప్ఫై ఒక్కేళ్ళ లెక్కల పుస్తకాలు తీస్తారు. ఏ అంకె ఏ కంటితో రాశావని అడుగుతారు."

"అడుగుతారు."

"చెప్పకుండా ఉండగలవా?"

వదిన ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, మాట వరసకి కాదు. "ఉండగలననుకుంటానండీ. నేనేం అంత గొప్పదాన్ని కాదు. కానీ ఆయన గింజలు కొరుకుతున్నాడు" అంది.

అన్నయ్య గడియారం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కాసేపటికి, "ఆ తెల్లకోటుకి గుండీ ఊడింది, సోమవారానికి కుట్టుకో" అన్నాడు.

సమావేశంలో జరిగింది మేతాయన తరవాత నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. డైరెక్టరుగారు కలం తీసేసరికి వదిన లేచి నిలబడిందట. "సంతకానికి ముందు ఒక మాటండీ. తప్పు గింజలది కాదు, నా కంటిది."

"ఆపరేషన్ బాగానే అయిందన్నారుగా?"

"బాగా అయిందండీ. వచ్చిన చిక్కు అదే."

రెండు గొట్టాలూ బల్ల మీద పెట్టి, ఏది ఎందుకు పసుపు అయిందో, ఏది ఎందుకు కాలేదో చెప్పింది. పుస్తకంలో పేజీ తెరిచి చూపించింది. డైరెక్టరుగారికి కోపం రాలేదు. దానికన్నా కష్టమైన ప్రశ్నే అడిగాడు. "ఈ కేంద్రంలో పేగు అంకెలన్నీ మీ చేతివే. ఇప్పుడు నేను ఏది నమ్మాలి?"

"మసక చెప్పి రాదండీ" అంది వదిన. "ఎప్పట్నించో నేను ఖాయంగా చెప్పలేను. కళ్ళజోడు మార్చిన తేదీలు మాత్రం రాసుకున్నాను. మొదటిసారి మార్చింది నాలుగేళ్ళ కిందట. అక్కణ్ణించీ అనుమానించండి."

నాలుగేళ్ళకి పందొమ్మిది పుస్తకాలు. ప్రతిదాని మొదటి పేజీలోనూ ఆవిడే ఎర్రసిరాతో రాసింది: 'కొవ్వు తీయుటలో చేతితేడా ఉండవచ్చును. సరిచూడక వాడరాదు.' కింద సంతకం. రెండురోజులు పట్టిందట. ఆ పుస్తకాల అంకెల మీద నడిచిన పనులు ఇంకా ఎవరెవరివో ఉన్నాయి. ఒకరిద్దరు ఆవిడతో మాట్లాడడం తగ్గించారు. వదిన ఆ సంగతి ఇంట్లో ఒక్కసారే అంది. "వాళ్ళు మాట్లాడకపోవడం సబబే. నేనైనా అంతే చేద్దును."

మేతాయన మాత్రం ఇంటికొచ్చాడు. వరండాలో కూర్చుని నాతో, "నాకు కోపం రావాలి కదండీ? వెతుక్కున్నాను, దొరకలేదు. ఆరేళ్ళూ నేను సరిగ్గానే వేయించానని ఒక మనిషి వచ్చి చెప్పింది" అన్నాడు. వదిన టీ తెచ్చేసరికి గొంతు మార్చి, "అక్కా, ఆ ఎడమకన్ను మాత్రం నా మేత గట్టెక్కాకే చేయించుకోండి, పుణ్యం ఉంటుంది" అన్నాడు.

"ముందు మీ కనుబొమలు కడుక్కోండి. ఇప్పుడు నాకన్నీ కనిపిస్తున్నాయి" అంది వదిన.

ప్రతి పరీక్షలోనూ ప్రతి తొట్టినుంచీ కొన్ని చేపల్ని వెనక చెరువులో వలగూళ్ళలో వేరుగా ఉంచి అదే మేత పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఆ చేపలున్నాయి కాబట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కొవ్వు అసలు తీయకుండా పేగుని దాని అల్లికతో సహా నూరాలని రాసుకుని, గోడమీది పాత కాగితం చింపేశారు. ఏ చేప ఏ మేతదో తనకి చెప్పవద్దంది వదిన. మేతాయన చేత చిన్న బిళ్ళల మీద నంబర్లు రాయించి, ఆ జాబితా డైరెక్టరుగారి సొరుగులో పెట్టించింది. "నాకు తెలిస్తే నా చెయ్యి జాలిపడుతుంది" అంది.

ఆ రెండునెలలూ ఆవిడ నెమ్మదిగా పనిచేసింది. రోజుకి రెండు చేపలు, ఒక్కోరోజు ఒక్కటే. ఇంటికొచ్చి, "ఇవాళ ఏడో నంబరు పేగు చూడాల్సింది, ఎంత పొందికగా మడతపడి ఉందో" అని చెప్పేది, పక్కింటి పసిపిల్ల గురించి చెప్పినట్టు. ఆ పొరని ఇప్పుడు మడ్డి అనడం మానేసింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూసిందట, గింజలు గింజలుగా కనిపించిందట. "ముప్ఫై ఒక్కేళ్ళు దాని పక్కనే కాపురముండి పేరు అడగలేదు చూడు" అంది.

ఆఖరి చేప ఆవిడ ఆఖరి రోజుకి మిగిలింది. ఆ రోజు నాలుగింటికి వీడ్కోలు సభ. అన్నయ్యా నేనూ ముందే వెళ్ళి హాల్లో రెండో వరసలో కూర్చున్నాం. మూడున్నరకి డైరెక్టరుగారు సొరుగులోంచి జాబితా తీసి, నంబర్ల పక్కన మేతల పేర్లు వేయించి, రెండు సగటులు కట్టించాడు. సోయామేత చేపల ఎంజైము బలం పాతమేత చేపలకన్నా రవ్వంత తక్కువ. ఆ రవ్వ లెక్కలోకి రాదట. వచ్చే ఏడు పెద్ద చెరువుల్లో వేస్తామని అక్కడికక్కడే చెప్పాడు. మేతాయన చుట్టూ జనం మూగారు. ఆయన కనుబొమలు తుడుచుకుంటున్నాడు.

అప్పుడు వదిన తలుపు దగ్గరికి వచ్చింది. చేతులు కడుక్కుని, జుట్టు సర్దుకుని, కోటు తీసి చేతిమీద వేసుకుని. కళ్ళు మేతాయన మీద పడ్డాయి, అక్కడే కాసేపు ఆగాయి. ఆవిడ ముఖం తేటగా ఉంది. తరవాత పైకి చూసింది. వేదిక మీద పొడుగాటి గుడ్డ కట్టారు. దాని మీద పెద్ద నీలం అక్షరాలు: 'తప్పెరుగని చేతికి మా వందనం.' ఎప్పుడో నెలల కిందట రాయించి ఉంచారు కాబోలు, మార్చాలని ఎవరికీ తోచలేదు.

వదిన ఆ గుడ్డ ఈ చివర్నించి ఆ చివరిదాకా చదివింది. కళ్ళజోడు లేకుండా. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది. ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి తిరిగింది.

"కోటు పెట్టి రావడానికి వెళ్ళినట్టుంది" అన్నాడు అన్నయ్య.

నేను కిటికీ పక్కన ఉన్నాను. తొట్లగది వెనకతలుపు తెరుచుకుంది. కోటు చేతిమీద లేదు. ఎడంచేతిలో సంచి ఒక్కటే ఉంది. తొట్ల మధ్య సిమెంటు దారిమీద తొందర లేకుండా నడిచింది. ఒక తొట్టి దగ్గర ఆగి, పైపు సరిగా బిగించి లేదు కాబోలు, వంగి బిగించింది. వేదికమీద ఎవరో మైకు తడుతున్నారు. డైరెక్టరుగారు మావైపు చూసి, ఆవిడేరీ అన్నట్టు చెయ్యి తిప్పాడు. అన్నయ్య ఇటు తిరిగి, కిటికీలోంచి చూసి, ఏమీ తెలీనివాడిలా మళ్ళీ ముందుకి తిరిగి కూర్చున్నాడు.

గేటు దగ్గర కాపలామనిషి లేచి నిలబడ్డాడు. వదిన తలాడించి అతన్ని దాటింది. రోడ్డు మీద బస్సు ఒకటి వచ్చి ఆగింది. అది మా ఇంటివైపు వెళ్ళేదో కాదో చూసుకుని, ఎక్కేసింది.